సౌనాలో ఆడవాళ్ళ వంతు

మా ఊరు కోర్పిలాలో మూతపడిన పాలకేంద్రాన్ని రౌతకూ అనే మెటల్ బ్యాండు అద్దెకు తీసుకుంది. తీసుకునేటప్పుడు గోడలు ఎలా ఉన్నాయో, పైకప్పు కారుతోందో లేదో ఆ నలుగురు కుర్రాళ్ళలో ఒక్కడూ చూడలేదు. కట్టడానికి ఆనుకుని, ఒకప్పుడు జున్ను చేసే పనివాళ్ళ కోసం కట్టిన సౌనా, అంటే ఆవిరిస్నానాల గది, ఉంది. దాని పొయ్యి రాళ్ళు పగిలాయా, పొగగొట్టం సరిగ్గా లాగుతోందా అని మాత్రం ఒకటికి రెండుసార్లు చూసుకుని సంతకం పెట్టేశారు.

సాధన అయిన ప్రతిసారీ సౌనా ఉండాల్సిందే. మర్యాద ప్రకారం ముందు ఆడవాళ్ళ వంతు, తర్వాత మగవాళ్ళ వంతు. ఆడవాళ్ళంటే మరెవరూ లేరు, కీబోర్డు వాయించే విర్పి ఒక్కతే. ఆమె పై బల్ల మీద ఒంటరిగా కూర్చుని, కాలిన రాళ్ళ మీద నీళ్ళు చల్లి, ఆ ఆవిరి ఒంటికి పట్టించుకుని, సరస్సు మంచులో కోసిన కన్నంలో ఓ మునక వేసి, జుట్టు ఆరీ ఆరకముందే ఉన్ని టోపీ లాక్కుని చివరి బస్సు కోసం పరుగెత్తేది. ఆమె బస్సెక్కాక నలుగురు మగవాళ్ళూ తాపీగా లోపలికి వెళ్ళేవారు.

చిక్కంతా అక్కడే వచ్చింది. మా వాళ్ళు బయట నోరు విప్పరు. మనసులో ఏముందో కారులో చెప్పరు, కాఫీ దగ్గర చెప్పరు, ఎదుటి మనిషి ముఖం చూస్తూ అసలే చెప్పరు. అన్నీ మూటగట్టుకుని సౌనాకు వచ్చి, బట్టలు విప్పేసి, చీకట్లో పొయ్యి వైపు చూస్తూ నాలుగు ముక్కలు అంటారు. రౌతకూ అన్న పేరు అక్కడే పుట్టింది. ఏ పాట ఉంచాలి, ఏది పారెయ్యాలి, ఎక్కడ కచేరీ ఒప్పుకోవాలి అన్నవన్నీ ఆ బల్ల మీదే తేలాయి. తేలిన సంగతి విర్పికి ఎవరో ఒకరు చెప్పే ఉంటారని ప్రతివాడూ అనుకునేవాడు. ఆమెకు మాత్రం తర్వాతి సాధనలో కొత్త పాట ఎదురయ్యేది, లేదా పాత పాట మాయమయ్యేది. అదేమిటని ఆమె అడిగేది కాదు. ఆమెదీ ఈ ఊరే కదా.

రెండేళ్ళ కిందట విర్పి ఈ బ్యాండుకు వచ్చింది ఒక్క సాయంత్రం కోసం. కయానీలో కచేరీ ఉందనగా వాళ్ళ కీబోర్డు కుర్రాడు సైన్యానికి వెళ్ళిపోయాడు. గిటారు వాయించే ఏసా, ఈ బ్యాండుకు మూలపురుషుడు, చర్చిలో ఆర్గన్ వాయించే ఈ అమ్మాయి దగ్గరికి వచ్చి, గుమ్మంలో నిలబడి, బూట్ల వైపు చూస్తూ, "శనివారం ఖాళీయేనా?" అన్నాడు. ఖాళీయే అంది. కచేరీ అయ్యాక, "మంగళవారం సాధన ఉంది," అన్నాడు. మంగళవారం వెళ్ళింది. అలా వెళ్తూనే ఉంది. నువ్వు మా మనిషివి అని ఎవరూ అనలేదు, కాదనీ అనలేదు. ఆ తాత్కాలికపు కుర్చీలోనే రెండు చలికాలాలు గడిచిపోయాయి.

ఇప్పుడు మొదటి ఆల్బం వంతు వచ్చింది. దక్షిణాన ఒక చిన్న కంపెనీ వీళ్ళ టేపు విని ఒప్పుకుంది. ఊలూ నుంచి రికార్డింగ్ మనిషి వ్యానునిండా సామాను వేసుకుని శుక్రవారం వస్తున్నాడు. సరిగ్గా అంతకుముందు రోజు, గురువారం మధ్యాహ్నం, విర్పి ఇంటి ముందు ఇంకో వ్యాను ఆగింది. దాని మీద అకార్డియన్ బొమ్మ ఉంది.

దిగినవాడు కలెవి. చుట్టుపక్కల సరస్సుల ఒడ్డున ఉన్న డాన్సు మండపాలన్నిటిలో ముప్పై ఏళ్ళుగా టాంగోలు వాయిస్తున్న పెద్దమనిషి. విర్పి చిన్నప్పుడు ఆయన వేదిక కిందే, జనం విప్పి పడేసిన కోట్ల మూట మీద నిద్రపోయేది, ఎదురుగా అమ్మానాన్నలు డాన్సు చేస్తుంటే. ఆయన కాఫీ తాగాడు, యాలకుల బన్ను తిన్నాడు, వాతావరణం గురించి ఓ మాట అన్నాడు, ఇంకో కప్పు తాగాడు. అప్పుడు చెప్పాడు.

"మా పియానో ఆయనకి చేతులు వణుకుతున్నాయమ్మాయ్. వేసవంతా మండపాలు ఒప్పుకున్నా. నువ్వొస్తే బావుంటుంది."

"ఆలోచించుకుంటానండి."

"ఆలోచించుకో. శనివారం రాత్రి ఆట మొదలయ్యేలోగా చెప్పు చాలు. ఆదివారం పోస్టర్లు అచ్చుకి పోతాయి. వస్తే నీ పేరు కూడా వెయ్యాలిగా."

నీ పేరు కూడా. ఆ మాట విర్పి గుండెల్లో ఎక్కడో తగిలింది. గేటు దాకా వెళ్ళి ఆయనతో చెయ్యి కలిపి పంపింది.

"ఇంకేం, ఎగిరి గంతెయ్యాల్సింది పోయి ఆ మొహం ఏంటి?" అంది తల్లి హిల్కా కప్పులు కడుగుతూ.

"నాకు రౌతకూలో ఉండాలనుందమ్మా."

"ఉన్నావుగా."

"ఉన్నానో లేదో తెలీదు. అదే బాధ. ఉన్నానంటే ఈ టాంగోల జోలికి పోను. లేనంటే ఇది వదులుకోడం పిచ్చితనం."

"అయితే అడిగెయ్. నేను మీ బ్యాండు మనిషినేనా కాదా అని."

"అట్లా ఎవరన్నా అడుగుతారా?"

హిల్కా కప్పు తుడిచి బోర్లించింది. "అడగరులే," అని ఒప్పుకుంది. "మీ నాన్న నన్ను చేసుకుంటానని ఏనాడూ అన్లేదు. ఓ రోజు కొలత టేపు పట్టుకొచ్చి, మంచం ఎంత వెడల్పు చెయ్యమంటావన్నాడు. అప్పుడు అర్థమయింది నాకు."

"నన్ను ఎవరూ మంచం వెడల్పు అడగలేదమ్మా."

శుక్రవారం పొద్దున పాలకేంద్రంలో జున్ను గదిని స్టూడియో చేశారు. తెల్ల పలకల గోడలు. అక్కడ తుమ్మితే మూడుసార్లు వినబడుతుంది. డ్రమ్ములకు ఆ గదే కావాలని తార్మో ఎప్పట్నుంచో పట్టుబట్టాడు. తార్మో మనిషి కొండంత ఉంటాడు, రోజుకు మాట్లాడే మాటలు గుప్పెడు. రికార్డింగ్ మనిషి అతని డ్రమ్ముల చుట్టూ మైకులు బిగించబోతుంటే ఏసా అడ్డం వచ్చాడు.

"ముందు కీబోర్డు."

రికార్డింగ్ మనిషి కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "డ్రమ్స్ లేకుండా కీబోర్డా? ఇల్లు కట్టకముందు పెంకులు వేసినట్టుంటుంది."

"అయినా సరే. ముందు విర్పి."

ఎందుకో ఏసా చెప్పలేదు. తార్మో, బేసు గిటారు వాయించే హన్ను, పాడే ఇల్పో, ముగ్గురూ కిటికీలోంచి బయటి మంచును చూస్తూ నిలబడ్డారు. విర్పికి సంగతి అర్థమయిందనిపించింది. అద్దెకు తెచ్చుకున్న మనిషి పని ముందు కానిచ్చి పంపించేద్దాం అనుకుంటున్నారన్నమాట. సరే, అంతే అయితే అంతే. తాళం కోసం చెవుల్లో టిక్కుటిక్కుమనే చప్పుడు పెట్టుకుని, వేళ్ళు ఊదుకుని మొదలుపెట్టింది.

కోపమో, బెంగో, ఆ రోజు ఆమె వాయించినట్టు మునుపెన్నడూ వాయించలేదు. వీళ్ళ పాటలు వేగంలో పిడుగులు. ఇల్పో గొంతు బావి అడుగు నుంచి వచ్చే గర్జన. ఆ గందరగోళం మధ్యలోంచి సన్నగా, తీయగా, కొంచెం ఏడుపుగా ఒక రాగం నడుస్తుంది. అది విర్పి వేసే రాగం. చిన్నప్పుడు కోట్లమూట మీద నిద్రలో విన్న టాంగోల దిగులే అందులో ఉందని ఆమెకు తెలుసు, వాళ్ళకు తెలియదు. ఆల్బం చివరి పాటలో, వసంతంలో సరస్సు మంచు విరిగే పాటలో, ఆ రాగం ఒక్కటే మిగిలి మెల్లగా ఆగిపోతుంది. ఆఖరి మీట మీద నుంచి వేలు తీసి ఆమె తలెత్తింది.

ఇల్పో తల వంచుకుని బూటు లేసు కట్టుకుంటున్నాడు. కట్టి ఉన్న లేసే మళ్ళీ విప్పి కట్టుకుంటున్నాడు. పగలు శిశువిహారంలో పిల్లల ముక్కులు తుడిచే ఉద్యోగం అతనిది. పాడేటప్పుడు తప్ప గొంతెత్తడు.

"పర్లేదు," అన్నాడు తార్మో.

తార్మో నోటి నుంచి పర్లేదన్న మాట వచ్చిందంటే మా ఊళ్ళో జెండా ఎగరేసుకోవచ్చు. ఆ సంగతి విర్పికీ తెలుసు. కానీ ఆ మాట అంటున్నప్పుడు అతని మొహం శవయాత్రకు వచ్చినట్టుంది.

"నీ పని అయిపోయింది," అన్నాడు ఏసా, ఆమె భుజం మీదుగా గోడను చూస్తూ. "నీకు ఇంకెక్కడికైనా వెళ్ళాల్సిన పనుంటే... మేం ఆపం."

"సరే," అంది విర్పి.

ఆ రోజు ఆడవాళ్ళ వంతు సౌనా కూడా వద్దనుకుని బస్సెక్కేసింది.

శనివారం మధ్యాహ్నం అంగడికి వెళ్తుంటే బస్సు సరస్సు పక్కగా మలుపు తిరిగింది. మార్చి ఎండ మంచు మీద పడి కళ్ళు చెదురుతున్నాయి. ఆ తెల్లటి మైదానం మధ్యలో నల్ల తోలు కోట్లు వేసుకుని రౌతకూ నిలబడి ఉంది. ఎదురుగా మూడుకాళ్ళ స్టాండు మీద కెమెరా. ఇద్దరు ఇటు, ఇంకొకడు అటు. ఏసా కెమెరా మీట నొక్కి జారుకుంటూ, పడుతూ లేస్తూ పరుగెత్తి వచ్చి, మధ్యలో అంత ఖాళీ ఉండగా దాన్ని దాటుకుని అవతలి చివరికి పోయి నిలబడ్డాడు. నలుగురూ ఒక్కసారిగా మొహాలు ముడుచుకున్నారు.

ఆల్బం అట్టమీద బొమ్మ. విర్పికి అడక్కుండానే అర్థమయింది. బస్సు చెట్ల చాటుకు వచ్చేసింది. ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, చలి వల్ల అనుకుందామంటే బస్సులో వెచ్చగానే ఉంది. రెండేళ్ళు. కయానీ, సోత్కమో, ఆ మేకల పందిరిలో వానలో వాయించిన కచేరీ, అన్నిటికీ కీబోర్డుతో వీళ్ళ వెంట తిరిగింది. కనీసం బొమ్మ తీసుకుంటున్నాం, నువ్వు రానక్కర్లేదు అని ఒక్క ముక్క చెప్పి ఉంటే మర్యాదగా ఉండేది.

అంగడిలో ఉన్న టెలిఫోను దగ్గరికి తిన్నగా వెళ్ళింది. "కలెవి గారూ, నాలుగింటికి పాలకేంద్రం దగ్గరికి వ్యాను తేగలరా? నా కీబోర్డు అక్కడుంది."

"అంటే ఒప్పుకున్నట్టేనా అమ్మాయ్?"

"కీబోర్డు ఎక్కించాక చెప్తానండి," అంది. ఒప్పుకున్నాననే మాట అప్పుడే అనడం ఇష్టం లేకపోయింది మరి.

నాలుగింటికి ముందే చేరుకుంది. రికార్డింగ్ మనిషి వారాంతానికి ఇంటికి వెళ్ళిపోయాడు. జున్ను గదిలో ఎవరూ లేరు. కీబోర్డు ఆమె సొంతం, ఇనపపెట్టె లాంటి పాతరకం, ఇద్దరు పట్టుకుంటే గానీ లేవదు. ఓ పక్క ఎత్తి చూసింది. నడుము పట్టేసింది. కలెవికి అరవై దాటాయి, ఆయనతో మోయించడం పాపం. కిటికీలోంచి చూస్తే సౌనా పొగగొట్టం పొగ కక్కుతోంది. శనివారం కదా, ఊళ్ళో అందరికీ సౌనా రోజే, మగవాళ్ళు లోపల ఉన్నారు.

బట్టలు మార్చుకునే గదిలో నాలుగు తోలు కోట్లు వేలాడుతున్నాయి. విర్పి బెంచీ మీద కూర్చుంది, బయటికి వచ్చాక అడుగుదామని. లోపల ఏం మాట్లాడుకుంటున్నారో అని చెవులు రిక్కించింది. ఈ రెండేళ్ళూ ఆమె ఊహల్లో ఆ తలుపు వెనక పెద్ద సభే జరిగేది. గట్టి వాదనలు, నవ్వులు, తన గురించి ఏవో మాటలు. ఇప్పుడు వింటే నీళ్ళు పడ్డ రాళ్ళు సుయ్యిమనడం, ఎవడో నిట్టూర్చడం. మళ్ళీ సుయ్యి. మళ్ళీ నిట్టూర్పు. అంతే.

ఆ నిట్టూర్పులు వినీ వినీ ఆమెకు ఒళ్ళు మండింది. వెళ్ళిపోతున్నది తను. వీళ్ళకెందుకు ఇంత ఏడుపు? తాడో పేడో తేల్చుకోవాల్సిందే అనుకుని, బట్టలు విప్పేసి, తువ్వాలు చుట్టుకుని, తలుపు బార్లా తెరిచింది.

నలుగురు మగవాళ్ళు గబుక్కున తువ్వాళ్ళు సర్దుకున్నారు. ఆ హడావిడిలో కూడా తార్మో అన్న మాట ఒక్కటే.

"తలుపు వెయ్. ఆవిరి పోతోంది."

వేసింది. "జరగండి," అంది.

జరిగారు. పై బల్ల మీద ఏసాకు, ఇల్పోకు మధ్య కూర్చుంది. అందరూ పొయ్యి వైపు చూశారు. ఆ చోటుకు అదే పద్ధతి.

"నా కీబోర్డు మోయాలి. ఇద్దరు రండి," అంది విర్పి.

"ఎక్కడికి?"

"కలెవి గారి వ్యాన్లోకి."

ఏసా అన్నాడు, "అనుకున్నాంలే. మొన్న మీ గేటు దగ్గర ఆయనా నువ్వూ చెయ్యి కలుపుకుంటుంటే హన్ను చూశాడు." హన్నుది పోస్టు బట్వాడా ఉద్యోగం. ఊళ్ళో ఎవరి గేటు దగ్గర ఏం జరిగినా అతని కంట పడక మానదు.

"అందుకే నీది ముందు రికార్డు చేశాం," అన్నాడు హన్ను.

"అందుకే అంటే?"

"వెళ్ళిపోతావుగా. వెళ్ళేలోగా నీ వాయింపన్నా మా దగ్గర మిగలాలని."

విర్పి తల తిప్పి అతన్ని చూసింది. "నన్ను తొందరగా వదిలించుకుందామని అనుకున్నా నేను."

"వదిలించుకోడమా?" ఇల్పో గొంతు పెగుల్చుకున్నాడు. "మంచు మీద నీకోసం అంతసేపు నిలబడ్డాం విర్పీ. హన్ను చెవి చూడు ఎట్లా అయిందో."

హన్ను చెవి నిజంగానే పండు మిరపకాయలా ఎర్రగా ఉంది. అతను దాన్ని అటు తిప్పి చూపించాడు.

"నాకోసమా? మీరు నలుగురే తీసుకున్నారుగా."

"మధ్యలో చోటు వదిలాంగా," అన్నాడు ఏసా కొంచెం నొచ్చుకుంటూ. "పరుగెత్తి చివరికి పోలేక ఛస్తున్నా, అయినా మధ్యలో నిలబళ్ళేదు. నువ్వు ఏ నిమిషంలోనైనా వస్తావేమోనని. ఎక్కడ నిలబెడతామనుకున్నావ్ మరి?"

బస్సు కిటికీలోంచి చూసిన ఆ ఖాళీ విర్పి కళ్ళముందు కదిలింది. సరిగ్గా ఒక మనిషి పట్టేంత ఖాళీ.

"ఫోటో ఉందని నాకెవరన్నా చెప్పారా?"

"గురువారం సాధనయ్యాక అనుకున్నాంగా అందరం."

"ఎక్కడ?"

"ఇక్కడ."

"నేనెక్కడున్నా అప్పుడు?"

రాళ్ళు చిటపటలాడాయి.

"బస్సులో," అన్నాడు తార్మో.

విర్పికి నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. ఇంత దూరం వచ్చాక అసలుది అడక్కుండా వెళ్తే మళ్ళీ రెండేళ్ళు పడుతుంది. "ఇక్కడ కూర్చుని ఇంకా ఏమేం అనుకున్నారు? నేను బస్సులో ఉండగా?"

"పాటలు," అన్నాడు హన్ను.

"కచేరీలు," అన్నాడు ఇల్పో.

"నిన్ను బ్యాండులోకి తీసుకోవడం," అన్నాడు ఏసా.

"ఎప్పుడు?"

"కయానీ నుంచి వచ్చిన రోజే."

"రెండేళ్ళ కిందట?"

"ఆ. అందరం ఒప్పుకున్నాం. ఒక్కడు కూడా కాదనలేదు. తార్మో నీకు చెప్తానన్నాడు."

"నేనెప్పుడన్నా?" తార్మో పక్కకు తిరిగాడు. "బ్యాండు నీది. నువ్వు చెప్పావనుకున్నా."

"నాకు అమ్మాయిలతో మాట్లాడ్డం రాదని నీకు తెలీదూ? ఇల్పో చెప్పుంటాడనుకున్నా. రోజూ మనుషులతో మాట్లాడే ఉద్యోగం వాడిది."

"నేను మాట్లాడేది మూడేళ్ళ పిల్లల్తో," అన్నాడు ఇల్పో. "హన్ను ఊళ్ళో ఇల్లిల్లూ తిరుగుతాడు, వాడు చెప్పకపోతే ఇంకెవరు చెప్తారు?"

"నాకు అంటించిన కవరు ఇస్తే పట్టుకెళ్ళి ఇస్తాను," అన్నాడు హన్ను. "నోటి మాటలు నా డ్యూటీ కాదు."

విర్పి మోకాళ్ళ మీద మోచేతులు ఆనించుకుంది. చెమట కనుబొమల మీద నుంచి కారి కళ్ళలోకి దిగుతోంది. ఇంకొకటి కూడా కారుతోంది, అది చెమటతో కలిసిపోయింది కాబట్టి ఎవరికీ తెలియలేదు.

"పోన్లే. అప్పుడు చెప్పలేదు. ఇప్పుడు చెప్పండి," అంది. "నేను రౌతకూలో ఉన్నానా, లేనా?"

మా వాళ్ళను ఇలా నిలేసి అడిగితే ఊరొదిలి పారిపోతారు. కానీ వీళ్ళు తువ్వాళ్ళలో ఉన్నారు, బయట గడ్డకట్టే చలి. ఏసా గరిటెడు నీళ్ళు తీసుకుని రాళ్ళ మీద పోశాడు. ఆవిరి సర్రున లేచి అందరి ముఖాలనూ కప్పేసింది. ఆ తెల్లటి చాటులోంచి వచ్చాయి మాటలు, ఒక్కొక్కటీ.

"ఉన్నావు."

"ఉండక?"

"నువ్వు లేకపోతే మనది వట్టి చప్పుడు." ఇది ఇల్పో.

తార్మో వంతు వచ్చేసరికి ఆవిరి తగ్గిపోయింది, ముఖం దాచుకునే వీల్లేదు. పాపం, అయినా అన్నాడు. "నిన్న చివరి పాట. పర్లేదు కాదు. చాలా బావుంది."

అంత పొడుగు మాట తార్మో మళ్ళీ తన పెళ్ళిలో తప్ప అనలేదు.

విర్పి సంతోషం పట్టలేక బకెట్టు దగ్గరికి వంగి గరిటె నింపి రాళ్ళ మీద కుమ్మరించింది. ఇంకోటి. ఇంకోటి. రెండేళ్ళుగా ఆ పొయ్యితో ఒంటరిగా కాపురం చేసిన మనిషి, ఎక్కడ పోస్తే ఎంత లేస్తుందో ఆమెకు తెలిసినట్టు వాళ్ళెవరికీ తెలియదు. ముందు హన్ను చెవి మూసుకుని దిగిపోయాడు. వెనకే ఇల్పో, ఏసా. కొండంత తార్మో అందరికంటే ఎక్కువసేపు పళ్ళు బిగబట్టి కూర్చుని, చివరికి కిక్కురుమనకుండా లేచి బయటపడ్డాడు.

ఎప్పటిలాగే పై బల్ల మీద విర్పి ఒక్కతే మిగిలింది. కానీ తలుపు అవతల, మెట్ల మీద, నలుగురి గొంతులు వినిపిస్తున్నాయి. ఇంతలో వ్యాను ఆగిన చప్పుడు కూడా. ఆమె తాపీగా కాసేపు కూర్చుంది. బస్సుకు పరుగెత్తే తొందర లేదు. వాళ్ళు తనకోసమే ఆగారని తెలిసి కూర్చోవడం ఎంత హాయిగా ఉందో ఆ రోజే తెలిసింది ఆమెకు.

బయటికి వచ్చేసరికి కలెవి మెట్ల మీద సాసేజ్ తింటున్నాడు. ఎవరో ఆవ ముద్ద కూడా పెట్టారు.

"కలెవి గారూ, మిమ్మల్ని ఊరికే రప్పించాను. నేను రాలేనండి. ఈ బ్యాండులో ఉన్నానట."

"ఉన్నావట అంటే? నీకు తెలీదా ఇన్నాళ్ళూ?"

"ఇప్పుడే చెప్పారు."

కలెవి నలుగురినీ పైనుంచి కిందికి చూశాడు. "ముప్పై ఏళ్ళు నా పక్కన పియానో వాయించాడు మావాడు. బావుందని నేనూ ఏనాడూ చెప్పలేదు," అన్నాడు. "ఇవాళ వెళ్ళి చెప్పాలి. పోస్టరు సంగతి వదిలెయ్ అమ్మాయ్. ఇంకో సాసేజ్ ఉందా?"

ఉందన్నాడు ఇల్పో. ఏసా మాత్రం సరస్సు వైపు చూస్తున్నాడు. పొద్దు ఇంకా చెట్ల పైనే ఉంది. "వెలుతురుంది," అన్నాడు. "ఫోటో మళ్ళీ తీద్దాం."

తడి జుట్లతోనే, సౌనా వేడికి ఇంకా ఆవిర్లు కక్కుతూనే, కోట్లు తగిలించుకుని ఐదుగురూ మంచు మీదికి పరుగెత్తారు. విర్పి కోటు నలుపు కాదు, అందుకని తార్మో తనది ఇచ్చి చొక్కాతో నిలబడ్డాడు. కెమెరా కలెవి చేతికి ఇచ్చారు. పెళ్ళిళ్ళలో ఫోటోలు తీసి అలవాటున్న మనిషి ఆయన.

"దగ్గరగా జరగండి. ఆ, అట్లా. ఇప్పుడు నవ్వండి."

"నవ్వకూడదండీ," అన్నాడు ఏసా. "మెటల్ బ్యాండు మాది."

"మరెట్లా?"

"ఎవరో చచ్చినట్టు."

నలుగురూ మొహాలు ముడిచారు. విర్పి కూడా ముడవబోయింది. కానీ అటూ ఇటూ రెండు భుజాలు తన భుజాలకు ఆనుకుని ఉన్నాయి, హన్ను చెవి ఇంకా ఎర్రగానే ఉంది, ఎంత ప్రయత్నించినా మూతి ముడుచుకోలేదు. కలెవి నొక్కేశాడు.

వేసవిలో ఆల్బం వచ్చింది. అట్టమీద గడ్డకట్టిన సరస్సు, నల్లకోట్లలో నలుగురు, వట్టి చొక్కాలో తార్మో, వాళ్ళ తలల మీంచి, భుజాల మీంచి తెల్లటి పొగలు సుళ్ళు తిరుగుతూ లేస్తున్నాయి. ఆ పొగ ఏ యంత్రంతో పుట్టించారని ఎక్కడెక్కడి నుంచో ఉత్తరాలు రాశారు. నలుగురు మగవాళ్ళ మొహాలు చూస్తే పిల్లలు జడుసుకుంటారు. నడిమధ్యలో ఉన్న అమ్మాయి మాత్రం పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతోంది. ఇది ఈ రకం సంగీతానికి పనికిరాదు, ఇంకో బొమ్మ పంపమని కంపెనీ వాళ్ళు ఫోన్ చేశారు. ఆ సంగతి సౌనాలో మాట్లాడుకున్నారు, ఐదుగురూ కూర్చుని. బొమ్మ మార్చడానికి వీల్లేదని తేలింది. ఆమె ఒప్పుకోలేదని కాదు, తార్మో ఒప్పుకోలేదు.

ఆ అట్టమీద, కుడివైపు పైన, చెట్ల మధ్య ఒక పసుపుపచ్చ చుక్క మెరుస్తూ కనిపిస్తుంది. అదేదో దయ్యపు దీపమని అభిమానులు అనుకుంటారు. అది ఆ సాయంత్రపు చివరి బస్సు. విర్పి లేకుండా తన దారిన తాను పోతోంది.